ఫ్రీలాన్స్ గ్రాఫిక్ డిజైన్ వృత్తి (ఢిల్లీ రాజధాని ప్రాంతం)

ఏ సంస్థ జీతాల పట్టీలోనూ పేరు లేకుండా, లోగో, పుస్తకం అట్ట, ప్యాకింగు డబ్బా, వార్షిక నివేదిక, ప్రకటన, సోషల్ మీడియా పోస్టు వంటి పనులను దేనికది ఒప్పుకుని, పూర్తిచేశాక బిల్లు పంపించి సంపాదించుకునేవారు ఫ్రీలాన్స్ గ్రాఫిక్ డిజైనర్లు. ఢిల్లీ, దాని చుట్టూ ఉన్న గురుగ్రామ్, ఫరీదాబాద్, నోయిడా, గ్రేటర్ నోయిడా, ఘాజియాబాద్ నగరాల్లో ఈ వృత్తి ఎలా పుట్టింది, ఎలా నడుస్తోంది, ఏ చట్టాల కింద ఉంది అన్నది ఈ వ్యాస విషయం.

పరిధి

జాతీయ రాజధాని ప్రాంతం (ఎన్‌సీఆర్) 1985 నాటి ప్రణాళికా మండలి చట్టంతో ఏర్పడింది. ఢిల్లీతో పాటు హర్యానా, ఉత్తరప్రదేశ్, రాజస్థాన్ రాష్ట్రాల జిల్లాలు ఇందులో ఉన్నాయి. మెట్రో ఎక్కి నాలుగు స్టేషన్లు దాటితే రాష్ట్రం మారిపోవచ్చు. ప్రయాణికుడికి అది పట్టదు గానీ, బిల్లు రాసే డిజైనరుకు పడుతుంది (చూ. బిల్లు, పన్ను, బకాయి).

డీటీపీ ఆపరేటర్, ఇలస్ట్రేటర్, యూఐ డిజైనర్ ఈ వృత్తికి దగ్గరివాళ్లు. ఆపరేటర్ ఇచ్చిన మేటర్‌ను కొట్టి పేజీలు కడతాడు. ఇలస్ట్రేటర్ బొమ్మ వేస్తాడు. అక్షరం, బొమ్మ, రంగు, ఖాళీ జాగా కలిపి ఏం చెప్పాలో తేల్చేది డిజైనర్. ఈ గీత పుస్తకాల్లోనే స్పష్టంగా ఉంటుంది. ఒంటరిగా పనిచేసేవాళ్లకు నెలలో ఈ నాలుగు పనులూ తగులుతుంటాయి.

చరిత్ర

ఢిల్లీలో ఈ వృత్తికి తొలి పోషకురాలు ప్రభుత్వమే. 1942లో మొదలైన కాలేజ్ ఆఫ్ ఆర్ట్‌లో ‘కమర్షియల్ ఆర్ట్’ చదివి బయటికొచ్చినవాళ్లకు స్వాతంత్ర్యం తర్వాత రాజధానిలో పని చూపించిన సంస్థలు వరసగా వెలిశాయి: సాహిత్య అకాడెమీ (1954), ప్రభుత్వ ప్రకటనలు చూసే డీఏవీపీ (1955), నేషనల్ బుక్ ట్రస్ట్, కార్టూనిస్టు శంకర్ స్థాపించిన చిల్డ్రన్స్ బుక్ ట్రస్ట్ (రెండూ 1957), ఎన్‌సీఈఆర్‌టీ (1961). కొందరికి వీటిలో ఉద్యోగాలు దొరికాయి. మిగిలినవాళ్లు దరియాగంజ్ ప్రచురణకర్తల దగ్గర అట్టకింత అని బొమ్మలు వేశారు. అప్పటికి వాళ్లను ‘కమర్షియల్ ఆర్టిస్టు’ అనేవారు. కుంచె, స్కేలు, బ్రోమైడ్ ప్రింట్లు, జిగురు వాళ్ల సరంజామా.

చార్లెస్, రే ఈమ్స్ దంపతులు 1958లో భారత ప్రభుత్వానికి ఇచ్చిన నివేదిక ఆధారంగా 1961లో అహ్మదాబాద్‌లో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ (ఎన్‌ఐడీ) ఏర్పడింది. డిజైన్ అంటే అలంకారం కాదు, సమస్యను విప్పే పని అన్న ఆలోచన అక్కడి నుంచే దేశమంతా పాకింది. రాజధాని వీధుల్లో పెద్దఎత్తున కనిపించిన తొలి డిజైన్ సందర్భాల్లో 1982 ఆసియా క్రీడలు ఒకటి. ఆ క్రీడల ఏనుగుపిల్ల ‘అప్పు’ ఆనాటి పిల్లలకు ఇంకా గుర్తే.

అసలు మలుపు కంప్యూటర్‌తో వచ్చింది. పేజ్‌మేకర్ (1985), కోరెల్‌డ్రా (1989), ఫొటోషాప్ (1990) వచ్చాక ఒక గది, ఒక యంత్రం ఉన్నవాళ్లు సొంతంగా పని పెట్టుకోగలిగారు. నెహ్రూ ప్లేస్ కంప్యూటర్ బజారు ఇక్కడి డిజైనర్లకు కొనుగోలు, రిపేరు, విడిభాగాల అడ్డా అయింది. 1991 ఆర్థిక సంస్కరణల తర్వాత బహుళజాతి కంపెనీలు, వాటి వెంట ప్రకటనల ఏజెన్సీలు గుర్‌గావ్ (నేటి గురుగ్రామ్) వైపు కదిలాయి. ఏజెన్సీలో నాలుగైదేళ్లు పనిచేసి, ఇద్దరు ముగ్గురు క్లయింట్ల నమ్మకం సంపాదించుకుని బయటికొచ్చి సొంతంగా చేసుకునే దారి అప్పటినుంచి స్థిరపడింది.

చేత్తో అక్షరాలు రాసే సైన్‌బోర్డు పెయింటర్ల కథ దీనికి సమాంతరంగా సాగింది. ఫ్లెక్సు వచ్చి వాళ్ల పొట్ట కొట్టింది. ఢిల్లీలో పనిచేసిన డిజైనర్ హనీఫ్ కురేషీ (మరణం 2024) ‘హ్యాండ్‌పెయింటెడ్‌టైప్’ ప్రయత్నంలో అలాంటి పెయింటర్ల అక్షరాలను కంప్యూటర్ ఫాంట్లుగా మార్చారు. వాటిలో ఒకటి ఢిల్లీ పెయింటర్ కఫీల్ పేరు మీదే ఉంది. కురేషీ సహస్థాపకుడిగా ఉన్న స్టార్ట్ ఇండియా సంస్థ లోధీ కాలనీ గోడలను బొమ్మలతో నింపింది.

పని దొరికే చోట్లు, కాలాలు

ముంబైలో సినిమా, ప్రకటనలు ఎంతో, ఢిల్లీలో ప్రభుత్వం, ప్రచురణ, స్వచ్ఛంద సంస్థలు, ఎగుమతిదారులు అంత. లోధీ ఎస్టేట్‌లో ఐక్యరాజ్యసమితి సంస్థల కార్యాలయాలు, చాణక్యపురిలో రాయబార కార్యాలయాలు, దక్షిణ ఢిల్లీ కాలనీల్లో ఎన్‌జీవోలు ఉన్నాయి. వీటి నివేదికలు, కరపత్రాలు, శిక్షణ పుస్తకాలు చేసుకుంటూ ఏడాది నెట్టుకొచ్చే డిజైనర్లు ఎందరో. దరియాగంజ్‌లో పాత ప్రచురణ సంస్థలు, గురుగ్రామ్, నోయిడాల్లో బహుళజాతి ప్రచురణ సంస్థలు అట్టల పని బయటికిస్తాయి. కాగితానికీ పెళ్లి శుభలేఖలకూ చావ్‌డీ బజార్, ప్రింటింగుకు ఓఖ్లా, నరైనా పారిశ్రామిక వాడలు పేరుపడ్డాయి.

పని ఏడాదంతా ఒకేలా ఉండదు. మార్చి నెలాఖరుకు బడ్జెట్ ఖర్చుపెట్టాల్సిన ఎన్‌జీవోలు, ప్రభుత్వ శాఖలు ఫిబ్రవరి నుంచే తొందర పెడతాయి. కంపెనీల వార్షిక నివేదికలు వేసవి చివర్లో వస్తాయి. గ్రేటర్ నోయిడాలో ఏడాదికి రెండుసార్లు జరిగే హస్తకళల ఎగుమతి మేళాకు ముందు కేటలాగుల పని ఊపందుకుంటుంది. దీపావళికి గిఫ్టు డబ్బాలు, నవంబరు 14 నుంచి 27 వరకు ప్రగతి మైదాన్‌లో జరిగే అంతర్జాతీయ వాణిజ్య ప్రదర్శనకు స్టాళ్లు, ఆ తర్వాత చలికాలపు పుస్తక ప్రదర్శనకు కొత్త అట్టలు. ఈ వరస తెలిసినవాళ్లు మే, జూన్ నెలలకు డబ్బు ముందే దాచుకుంటారు.

రకాలు

నేరుగా క్లయింటుతో పనిచేసేవాళ్లు ఒక రకం. రేటు తామే చెబుతారు, చివాట్లూ తామే తింటారు. రెండో రకం ఏజెన్సీలకు, స్టూడియోలకు చాటున పనిచేసేవాళ్లు. పని వీళ్లది, పేరు ఏజెన్సీది. ప్రభుత్వ పనుల్లో ఇది మామూలే. టెండర్లలో టర్నోవరు, అనుభవం షరతులు తరచుగా ఉంటాయి కాబట్టి, గుర్తింపు పొందిన ఏజెన్సీ పనిని దక్కించుకుని, డిజైన్ వరకు బయటివాళ్లకు అప్పగిస్తుంది.

మూడో రకం రిటైనర్: నెలకింత మొత్తం, ఇన్ని పోస్టులు అని మాట్లాడుకోవడం. నాలుగో రకం అప్‌వర్క్, ఫైవర్ వంటి వేదికల ద్వారా విదేశీ క్లయింట్లకు గంటల లెక్కన పనిచేయడం. పగలు ఉద్యోగం, రాత్రి విడిపని చేసేవాళ్లూ ఉన్నారు. వీళ్ల ఉద్యోగ ఒప్పందాలు దీన్ని సాధారణంగా ఒప్పుకోవు.

‘కన్సల్టెంట్’ అని పిలిచే ఐదో రకం గురించి కొంచెం ఎక్కువ చెప్పుకోవాలి. రోజూ ఆఫీసుకు వెళ్తారు, కంపెనీ చెప్పిన వేళలే పాటిస్తారు, ఒక్క కంపెనీకే పనిచేస్తారు. కానీ పీఎఫ్, సెలవులు, గ్రాట్యుటీ ఉండవు. జీతం బదులు నెలనెలా ఇన్‌వాయిస్ పెడతారు. పేరుకు స్వతంత్రులు, నడవడికకు ఉద్యోగులు. ఫ్రీలాన్స్ అనే మాట కింద రెండువైపులా నష్టపోతున్నది వీళ్లే.

పని నడిచే తీరు

పని వాట్సాప్ సందేశంతోనో, పాత క్లయింటు ఫోనుతోనో మొదలవుతుంది. బ్రీఫ్ రాసి ఇచ్చేవాళ్లు తక్కువ. అనుభవం ఉన్నవాళ్లు ఫోనులో విన్నదాన్ని తామే రాసి మెయిల్‌లో పంపి, ‘ఇదేనా?’ అని అడుగుతారు. అందులోనే ఎన్ని ఆప్షన్లు ఇస్తారు, ఎన్నిసార్లు కరెక్షన్లు చేస్తారు, డబ్బు ఎప్పుడెప్పుడు రావాలి అన్నది ఉంటుంది. సగం అడ్వాన్సు అడగడం ఆనవాయితీ. పోర్ట్‌ఫోలియో చూపడానికి బిహాన్స్ (2012లో అడోబీ కొనుగోలు చేసింది), ఇన్‌స్టాగ్రామ్ వాడతారు. ఎక్కువ పనులు మాత్రం తెలిసినవాళ్ల నోటిమాట మీదే వస్తాయి.

పుస్తకం పనిని ఉదాహరణగా తీసుకోవచ్చు. అట్ట వేయాలంటే ముందు వెన్ను మందం తెలియాలి. 240 పేజీల పుస్తకానికి 120 కాగితాలు. 80 జీఎస్‌ఎం మ్యాప్‌లిథో కాగితం ఒక్కోటి సుమారు 0.1 మి.మీ. ఉంటుంది కాబట్టి వెన్ను దాదాపు 12 మి.మీ. ప్రచురణకర్త ఖర్చు తగ్గించడానికి ఆఖరి నిమిషంలో 70 జీఎస్‌ఎంకు మారితే వెన్ను సన్నబడి, దాని మీది శీర్షిక పక్కకు జరుగుతుంది. అందుకే కాగితం ఖరారయ్యాకే అట్ట ఫైలు మూసేయాలి. అట్ట చుట్టూ 3 మి.మీ. బ్లీడ్ (కోతలో పోయే అదనపు అంచు) వదలాలి, లేకపోతే కోతలో తెల్లగీత పడుతుంది. తెర మీద ఆర్‌జీబీలో మెరిసే నీలం అచ్చు రంగుల సీఎంవైకేలోకి మారాక ఊదాగా దిగడం, చిన్న అక్షరాల నలుపును నాలుగు రంగుల్లో పెడితే అచ్చులో అంచులు చెదరడం కొత్తవాళ్లకు ఎదురయ్యే చిక్కులు. ఇవి కళాశాలలో కంటే ఓఖ్లా ప్రెస్సులో ప్రూఫ్ పట్టుకుని మిషన్‌మన్ పక్కన నిలబడినప్పుడే బాగా తెలుస్తాయి.

తెలుగు పని

రాజధానిలో తెలుగు అక్షరంతో పని ఉన్న సంస్థలు చాలానే ఉన్నాయి. నేషనల్ బుక్ ట్రస్ట్, సాహిత్య అకాడెమీ తెలుగు పుస్తకాలు తెస్తాయి. డీఏవీపీ బాధ్యతలు ఇప్పుడు చూస్తున్న సెంట్రల్ బ్యూరో ఆఫ్ కమ్యూనికేషన్ పలు భాషల్లో ప్రకటనలు ఇస్తుంది. ఒక పోస్టరు ముందు ఇంగ్లీషులోనో హిందీలోనో తయారవుతుంది, తర్వాత మిగతా భాషల్లోకి ‘అడాప్ట్’ అవుతుంది. తెలుగు చదవడం రాని డిజైనర్ చేతిలో ఇది పడితే ఒత్తులు విడిపోయి పక్కకు వచ్చి కూర్చుంటాయి. ఇన్‌డిజైన్‌లో వరల్డ్-రెడీ కంపోజర్ పెట్టకపోవడం దీనికి తరచుగా కనిపించే కారణం. అను వంటి పాత ఫాంట్లలో కొట్టిన మేటర్‌ను యూనికోడ్‌లోకి మార్చకుండా అతికిస్తే అక్షరాలు అర్థంకాని గుర్తులైపోతాయి. హిందీలో కృతిదేవ్‌తోనూ ఇదే గొడవ.

గుణింతం పైన, ఒత్తు కింద ఉండే తెలుగుకు హిందీ పోస్టరులోని పంక్తుల మధ్య ఎడం చాలదు. హిందీ శీర్షిక రెండు వరసల్లో ఇమిడిన చోట తెలుగు శీర్షిక పై వరస ఒత్తులు కింది వరస గుడులను తాకుతాయి. తెలుగు తెలిసిన డిజైనర్ అయితే అక్షరం సైజు కొంత తగ్గించి, ఎడం పెంచుతారు. తెలియనివాళ్లు పెట్టెలో పట్టించడానికి అక్షరాలను అడ్డంగా నొక్కేస్తారు. బస్టాపుల్లో కనిపించే నలిగిన తెలుగుకు కారణం చాలాసార్లు ఇదే.

ఫాంట్ల కొరత మాత్రం మునుపటంత లేదు. సిలికానాంధ్ర విడుదల చేసిన ఉచిత యూనికోడ్ ఫాంట్లు, గూగుల్ ఫాంట్స్‌లో ఉన్న పెద్దన, తిమ్మన, ధూర్జటి, సూరన్న, ఏక్‌టైప్ రూపొందించిన బలూ తమ్ముడు, అనేక్ తెలుగు అందరికీ అందుబాటులో ఉన్నాయి. పుస్తకాల అట్టలకు, శీర్షికలకు బాపు (1933–2014) వేసిన అక్షరాల ఒరవడిని కోరే క్లయింట్లు ఇప్పటికీ ఉన్నారు.

తెలుగు రాష్ట్రాల్లో చదువుకుని ఇటు వచ్చేవాళ్లకు హైదరాబాద్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం, 2015లో మొదలైన ఆంధ్రప్రదేశ్ ఎన్‌ఐడీ ప్రధాన మార్గాలు. ఢిల్లీలో కాలేజ్ ఆఫ్ ఆర్ట్, జామియా మిలియా, నిఫ్ట్, ఐఐటీ ఢిల్లీ డిజైన్ విభాగం ఉన్నాయి. డిగ్రీ లేకుండా డీటీపీ సెంటరులో నేర్చుకుని పైకొచ్చినవాళ్లకూ ఈ వృత్తిలో చోటుంది. క్లయింటు అడిగేది పాత పనులే, సర్టిఫికెట్టు కాదు.

బిల్లు, పన్ను, బకాయి

రేటు చెప్పడానికి పలు పద్ధతులున్నాయి. లోగోకు, అట్టకు మొత్తంగా, పుస్తకం లోపలికి పేజీకింత అని, విదేశీ పనికి గంటకింత అని చెబుతారు. అందరూ ఒప్పుకున్న రేట్ల పట్టిక ఏదీ లేదు. గురుగ్రామ్ కంపెనీ, లక్ష్మీనగర్ కోచింగ్ సెంటర్ ఒకే లోగోకు ఇవ్వజూపే మొత్తాలకు పోలికే ఉండదు.

సేవలపై వార్షిక టర్నోవరు రూ.20 లక్షలు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. డిజైన్ సేవలపై పన్ను 18 శాతం. రిజిస్టరైన ఢిల్లీ డిజైనర్ ఢిల్లీ క్లయింటుకు సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ వేయాలి. మెట్రోలో అరగంట దూరంలోని నోయిడా కంపెనీకి మాత్రం, రాష్ట్రం మారింది కాబట్టి, ఐజీఎస్టీ వేయాలి. విదేశీ పని ఎగుమతి కిందికి వస్తుంది, ఎల్‌యూటీ (హామీ పత్రం) దాఖలు చేస్తే పన్ను వేయకుండా బిల్లు పంపవచ్చు. పేపాల్ 2021 ఏప్రిల్ నుంచి దేశంలోపలి చెల్లింపులు ఆపేసినా, విదేశీ చెల్లింపులకు పనికొస్తూనే ఉంది.

కంపెనీలు వృత్తి ఫీజు నుంచి 10 శాతం పన్ను (టీడీఎస్) ముందే కోసి మిగతాది ఇవ్వడం పరిపాటి. 1961 ఆదాయపు పన్ను చట్టంలోని 194జె సెక్షన్ కింద ఏడాదికి రూ.30 వేలుగా ఉన్న పరిమితి 2025 ఏప్రిల్ నుంచి రూ.50 వేలైంది. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమలు కావడంతో సెక్షన్ల సంఖ్యలు మారాయి. రిటర్ను వేస్తే తప్ప కోసిన మొత్తంలో తిరిగి రావాల్సింది రాదు. గృహరుణం కావాలన్నప్పుడు జీతం స్లిప్పు లేని డిజైనరుకు చూపడానికి ఉండేవి కూడా ఆ రిటర్నులే.

అన్నిటికంటే పెద్ద తలనొప్పి బకాయి. ‘అకౌంట్స్ వాళ్లకు పంపాం’ అన్న జవాబుతో నెలలు గడిచిపోతాయి. దీనికి చట్టంలో ఆయుధం ఉంది గానీ వాడేవాళ్లు తక్కువ. 2006 ఎంఎస్‌ఎంఈడీ చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థలకు రాతపూర్వక ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో చెల్లించాలి. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల చొప్పున నెలవారీ చక్రవడ్డీ పడుతుంది. ఒంటరి డిజైనర్ కూడా అలాంటి సంస్థగా ప్రభుత్వ ఉద్యమ్ పోర్టల్‌లో ఆధార్‌తో ఉచితంగా నమోదు కావచ్చు. ఫిర్యాదులకు 2017లో సమాధాన్ పోర్టల్ మొదలైంది. పని ఒప్పుకోకముందే నమోదు చేయించుకోవడం క్షేమం. క్లయింటు చేజారుతుందన్న భయంతో చాలామంది ఫిర్యాదు దాకా వెళ్లరు, బిల్లు కింద ఉద్యమ్ నంబరు వేసి ఊరుకుంటారు. దానికీ కొంత ఫలితం ఉంటుంది: 2024–25 మదింపు సంవత్సరం నుంచి, ఇలాంటి బకాయిలు గడువు దాటి, ఆ ఏడాది ముగిసేలోగా కూడా చెల్లించని కంపెనీకి ఆ ఖర్చు ఆ ఏటి ఆదాయంలోంచి మినహాయింపు దొరకదు.

హక్కులు

1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం ఉద్యోగి చేసిన పనికి మొదటి యజమాని సంస్థ. ఫ్రీలాన్సర్ చేసిన లోగోకు, అట్టకు మొదటి యజమాని సాధారణంగా ఆ డిజైనరే. డబ్బిచ్చి చేయించిన ఫొటో, వర్ణచిత్రం, రూపచిత్రం మాత్రం వేరే ఒప్పందం లేకపోతే చేయించినవారివి. డబ్బు చెల్లించగానే లోగో తమదైపోయిందని క్లయింట్లు అనుకుంటారు. 19వ సెక్షన్ ప్రకారం హక్కుల బదిలీ సంతకంతో కూడిన రాతలో ఉండాలి. కాలం రాయకపోతే ఐదేళ్లు, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే అని లెక్క.

తగాదాలు ఎక్కువగా వచ్చేది ‘ఓపెన్ ఫైల్’ (మార్పులు చేయగల అసలు ఫైలు) దగ్గర. పీడీఎఫ్ అందుకున్న క్లయింటు, తర్వాతి మార్పులు ఇంకెవరితోనో చౌకగా చేయించుకోవచ్చని సీడీఆర్ (కోరెల్‌డ్రా) లేదా ఏఐ (అడోబీ ఇలస్ట్రేటర్) ఫైలు కూడా అడుగుతాడు. అది మొదటి రేటులో భాగమా కాదా అన్నది కొటేషన్‌లో రాసుకోకపోతే రెండు వైపులా మాట చెల్లదు.

కళాకారుడి నైతిక హక్కుపై దేశంలో మార్గదర్శకమైన తీర్పు ఢిల్లీదే. విజ్ఞాన్ భవన్‌లో శిల్పి అమర్‌నాథ్ సెహగల్ చేసిన కాంస్య కుడ్యశిల్పాన్ని ప్రభుత్వం 1979లో ఊడదీసి గోదాములో పడేసింది. 2005లో ఢిల్లీ హైకోర్టు ఆయనకు రూ.5 లక్షల పరిహారం చెల్లించి, శిల్పం అవశేషాలను తిరిగి ఇమ్మని తీర్పిచ్చింది. హక్కు అమ్మేసినా, తన పనిని పాడుచేస్తే అడ్డుకునే హక్కు 57వ సెక్షన్ కింద కర్తకు మిగులుతుంది.

బహిరంగ పోటీలది వేరే చర్చ. 2010లో ఆమోదం పొందిన రూపాయి గుర్తు పోటీ ద్వారానే వచ్చింది, విజేత ఉదయ్ కుమార్‌కు రూ.2.5 లక్షల బహుమతి దక్కింది. స్వచ్ఛ భారత్ లోగో కూడా ప్రభుత్వ వేదిక మైగవ్ నడిపిన పోటీలోంచి ఎంపికైందే. కొత్తవాళ్లకు ఇది తలుపు తెరుస్తుందని కొందరంటారు. వందలమందితో ఉచితంగా పనిచేయించి ఒక్కరికి డబ్బివ్వడం వృత్తి విలువ తగ్గిస్తుందని మరికొందరి వాదన. ఇప్పటికే స్థిరపడినవాళ్లు పోటీలకు దూరంగా ఉండడం చూస్తే రెండో వాదనకే బరువు ఎక్కువ.

రోజువారీ జీవితం

పని గది ఎక్కువమందికి ఇంట్లోనే ఉంటుంది. నోయిడా, మయూర్ విహార్, ద్వారకా అద్దె ఇళ్లలో ఒక బల్ల, ఒక పెద్ద మానిటరు, ఇన్వర్టరు. స్తోమత ఉన్నవాళ్లు కోవర్కింగ్ సెంటర్లో సీటు తీసుకుంటారు. క్లయింటును ఇంటికి పిలవలేని ఇబ్బంది దాంతో తీరుతుంది. 2009లో నోయిడాకు, 2010లో గుర్‌గావ్‌కు మెట్రో చేరడంతో మూడు నగరాల క్లయింట్లను ఒకే మనిషి చూసుకోవడం వీలైంది. నవంబరు కాలుష్యంలో ప్రెస్సుకు వెళ్లిరావడం, అమెరికా క్లయింటు కోసం అర్ధరాత్రి మేలుకోవడం, మణికట్టు, మెడ, కళ్ల నొప్పులు ఈ వృత్తితో వచ్చేవే. జ్వరం వచ్చిన రోజు సంపాదన ఉండదు. ఊళ్లో అమ్మానాన్నలకు ‘ఏ కంపెనీ?’ అన్న ప్రశ్నకు జవాబు చెప్పడం మరో పని.

కృత్రిమ మేధ

2013లో వచ్చిన కాన్వా చిన్న పోస్టరు పనిని క్లయింటు చేతికే ఇచ్చేసింది. 2022 నుంచి మిడ్‌జర్నీ వంటి బొమ్మల యంత్రాలు వచ్చాయి. క్లయింటు ఇప్పుడు మాటల్లో బ్రీఫ్ చెప్పే బదులు యంత్రం వేసిన బొమ్మ పంపి ‘ఇలాగే, కానీ బాగా’ అంటున్నాడు. కోత ఎక్కువగా పడింది పోస్టులు, బ్యానర్లు చేసే కింది మెట్టు మీద. పుస్తక నిర్మాణం, ప్యాకేజింగ్, బహుభాషా పని వంటి, ప్రెస్సుతో ముడిపడిన వాటిపై ప్రభావం తక్కువ. కంప్యూటర్ తయారుచేసిన కళాకృతికి, దాన్ని తయారుచేయించిన వ్యక్తే కర్త అని కాపీరైట్ చట్టం అంటుంది. ఇలాంటి యంత్రాలను నడిపేవాళ్లకు ఆ నిబంధన ఎంతవరకు వర్తిస్తుందన్నది వాదనలో ఉంది.

సామాజిక భద్రత

నీతి ఆయోగ్ 2022 నివేదిక దేశంలో 2020–21 నాటికి 77 లక్షల గిగ్ కార్మికులున్నారని, 2029–30 నాటికి వాళ్లు 2.35 కోట్లకు చేరతారని అంచనా వేసింది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా స్మృతి (2020) గిగ్ కార్మికుడిని సంప్రదాయ యజమాని–ఉద్యోగి సంబంధానికి బయట సంపాదించుకునే వ్యక్తిగా నిర్వచించింది. మాట ప్రకారం చూస్తే ఫ్రీలాన్స్ డిజైనర్ ఇందులోకి వస్తారు. ఈ స్మృతి కింద సంక్షేమ నిధికి వార్షిక టర్నోవరులో 1 నుంచి 2 శాతం చెల్లించాల్సింది మాత్రం షెడ్యూలులో పేర్కొన్న తరహా ఆన్‌లైన్ వేదికలే. దరియాగంజ్ ప్రచురణకర్తకు నేరుగా బిల్లు పంపే డిజైనర్ తరఫున ఆ నిధికి జమ చేయాల్సిన బాధ్యత ఎవరిమీదా లేదు. ఆరోగ్య బీమా, పింఛను పొదుపు రెండూ అలాంటివాళ్లు సొంత డబ్బుతో ఏర్పాటు చేసుకోవాల్సినవే.